తెర మీద 24 గడులు: సూపర్ మారియో మేకర్ 2 ఆడేవాళ్ళకీ, కట్టేవాళ్ళకీ

అందరికీ నమస్కారం.

తొక్కుడు బిళ్ళ ఆటలో గడులు గీసేవాళ్ళూ గెంతేవాళ్ళూ ఒకళ్ళే. గడి మరీ పెద్దదిగా గీస్తే గీసినవాళ్ళ కాలే గీత మీద పడుతుంది. ఈ సాయంత్రం మనం మాట్లాడుకునే ఆట కూడా అదే న్యాయం మీద నడుస్తుంది. సూపర్ మారియో మేకర్ 2 నింటెండో కంపెనీ వీడియో గేమ్; మారియో అనే బొమ్మ మనిషిని పరుగెత్తించి, ఎగిరించి గమ్యం చేర్చాలి. ఇందులో మీరు ఒక లెవెల్, అంటే ఆటలో ఒక దశ, కడతారు. దాన్ని బయటి ప్రపంచం ఆడాలంటే ముందు మీరే మొదటి నుంచి చివరి దాకా ఆడి నెగ్గి చూపించాలి. మధ్యలో చెక్‌పాయింట్ జెండా (చస్తే మళ్ళీ మొదలయ్యే చోటు) పెట్టారా, ఆ జెండా దగ్గర మొదలుపెట్టి కూడా ఇంకోసారి నెగ్గాలి. అప్పటిదాకా అప్‌లోడ్ కాదు.

ఈ నియమం వల్ల ఒక మేలుంది. ఎవరూ నెగ్గలేని లెవెల్ అంటూ ఉండకూడదు. కానీ చాలామంది కొత్తవాళ్ళు ఇక్కడే పొరబడతారు. "నేను నెగ్గాను కదా, అంటే ఇది న్యాయమైన లెవెలే" అనుకుంటారు. నెగ్గడం వీలవుతుందని తేలితే అది న్యాయంగా ఉందని తేలినట్టు కాదు. కట్టినవాళ్ళకి లెవెల్ మొత్తం తెలుసు. ఆడేవాళ్ళకి ఒక తెర మేరే తెలుసు. ఈ తేడా గురించే ఇవాళ చెబుతాను.

లెక్కలో చూద్దాం. లెవెల్‌లో ఒక భాగం గరిష్ఠంగా 240 గడుల పొడవు, 27 గడుల ఎత్తు. ఆడేటప్పుడు తెర మీద అడ్డంగా కనిపించేవి 24 గడులు, నిలువుగా పదమూడున్నర. అంటే మొత్తం పొడవులో పదో వంతే కళ్ళ ముందుంటుంది. ఎడిటర్‌లో, అంటే లెవెల్ కట్టే చోట, మాత్రం వేలితో జరుపుకుంటూ అటూ ఇటూ హాయిగా తిరుగుతాం. పై అంతస్తులో ఏముందో, గొయ్యి అవతల ఏముందో మనకి తెలుసు. ఆడేవాళ్ళకి ఆ 24 గడుల కిటికీ తప్ప వేరే ఆధారం లేదు. దాన్ని మనసులో పెట్టుకుని కడితే సగం తప్పులు పుట్టనే పుట్టవు.

ఆట పరిచయం త్వరగా ముగిస్తాను. మొదటి మారియో మేకర్ 2015లో వీ యూ అనే కన్సోల్ (గేమ్ యంత్రం) మీద వచ్చింది. రెండోది 2019 జూన్ 28న స్విచ్ అనే తర్వాతి కన్సోల్ మీద వచ్చింది. ఇందులో అయిదు శైలులున్నాయి: 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్, మూడో మారియో బ్రదర్స్, సూపర్ మారియో వరల్డ్, న్యూ సూపర్ మారియో బ్రదర్స్ యూ, 3డీ వరల్డ్. మొదటి నాలుగింటి మధ్య ఒక్క నొక్కుతో మారిపోవచ్చు, కట్టింది అలాగే ఉంటుంది. 3డీ వరల్డ్ వేరే కొంప. అందులోకి మారితే కట్టిందంతా చెరిగిపోతుంది, కాబట్టి ముందే నిర్ణయించుకోండి. థీములు, అంటే లెవెల్ జరిగే పరిసరాలు, పది. సూర్యుడి బొమ్మను చంద్రుడిగా మార్చి పెడితే రాత్రి అవుతుంది, రాత్రయితే నియమాలు మారతాయి. మంచులో నేల ఇంకా జారుతుంది, ఎడారిలో ఇసుకగాలి తోస్తుంది, అడవిలో నీళ్ళు విషమవుతాయి, భూగర్భంలో తెర తలకిందులవుతుంది.

శైలి మార్చడమంటే రంగులు మార్చడం అనుకోకండి. మారియో చేతనయ్యే పనులు కూడా మారిపోతాయి. మొదటి శైలిలో వస్తువుల్ని చేత్తో పట్టుకోలేడు. తాబేటి డిప్పను తన్నగలడు గానీ ఎత్తుకోలేడు. మూడో బ్రదర్స్‌లోనూ, వరల్డ్‌లోనూ ఎత్తుకుంటాడు. న్యూ బ్రదర్స్ యూలో గోడకి తన్ని పైకి ఎగురుతాడు. ఇది కొత్తవాళ్ళని ఎంత దెబ్బ తీస్తుందంటే, మూడో బ్రదర్స్‌లో పకడ్బందీగా కట్టిన గోడ న్యూ బ్రదర్స్ యూలోకి మార్చగానే నిచ్చెనైపోతుంది. మీరు నాలుగు గదులు తిప్పి దాచిన తాళం చెవిని ఆడేవాళ్ళు రెండు గోడల మధ్య టపటపా ఎగిరి నేరుగా తీసేసుకుంటారు. కట్టినవాళ్ళు అనుకోని ఇలాంటి దొడ్డిదారిని ఆటగాళ్ళు "చీజ్" అంటారు. ఏ శైలిలో కట్టారో ఆ శైలిలోనే పరీక్షించండి.

ఇక కట్టడానికి వద్దాం. 1985 ఆటలో మొట్టమొదటి లెవెల్, 1-1, ఇప్పటికీ పాఠ్యపుస్తకమే. మారియో ఎడమ పక్కన ఉంటాడు, కుడి పక్కన ఖాళీ. కాబట్టి కుడికే వెళ్ళాలని ఎవరూ చెప్పక్కర్లేదు. ఎదురుగా ఒక గుంబా (పుట్టగొడుగులా ఉండే చిన్న శత్రువు) నడిచి వస్తుంది. ఎగరకపోతే చస్తారు, కానీ లెవెల్ అప్పుడే మొదలైంది కాబట్టి పోయేదేం లేదు. తర్వాత ప్రశ్న గుర్తు బ్లాకులు. ఒకదాన్ని కొడితే పుట్టగొడుగు వస్తుంది, కుడికి జారి కింద పడి, పైపుకి తగిలి వెనక్కి తిరిగి మారియో మీదికే వస్తుంది. భయపడి తప్పుకోబోయినా చాలాసార్లు తగులుకుంటుంది, తగిలాక పెద్దవాడవుతాడు. ఒక్క అక్షరం రాయకుండా మూడు పాఠాలు! ఆ ఆట రూపకర్తలు షిగేరు మియమోతో, తకాషి తెజుకా ఆ రోజుల్లో లెవెళ్ళను గళ్ళ కాగితం మీద గీసేవారు. మేకర్ మన చేతికిచ్చింది ఆ గళ్ళ కాగితమే, కాకపోతే గీసిన వెంటనే ఆడే కాగితం.

ఆన్-ఆఫ్ స్విచ్ అనే బ్లాకుతో (ఇది కన్సోల్ కాదు) ఒక చిన్న లెవెల్ కడదాం. స్విచ్ ఆన్‌లో ఉంటే ఎర్ర బ్లాకులు గట్టిగా ఉంటాయి, నీలం బ్లాకులు ఖాళీ గీతల్లా ఉంటాయి. ఒకసారి కొడితే తారుమారవుతుంది. ఇది తెలియని మనిషికి మాటల్లేకుండా నేర్పాలి.

మొదటి మెట్టు. చదునైన నేల మీద దారికి అడ్డంగా ఎర్ర బ్లాకుల గోడ కట్టండి, దూకి దాటలేనంత ఎత్తుగా. నిలబడి ఎగిరితే మారియోకి సుమారు 4 గడుల ఎత్తు అందుతుంది, పరుగు మీద ఎగిరితే 5. కాబట్టి గోడ 7 గడులైనా ఉండాలి. గోడకి ఇవతల, అదే తెరలో, నేలకీ స్విచ్‌కీ మధ్య 3 గడులు ఖాళీ ఉంచి స్విచ్ పెట్టండి. 1-1లో ప్రశ్న బ్లాకులుండే ఎత్తు అదే. చిన్న మారియో, పెద్ద మారియో ఇద్దరూ కింద నుంచి నడవగలరు, ఎగిరి కొట్టగలరు. ఇక్కడ శత్రువులు వద్దు, గొయ్యి వద్దు. స్విచ్చూ గోడా ఒకే తెరలో ఉండటం ముఖ్యం, కొట్టగానే గోడ మాయమవడం కళ్ళారా చూడాలి. స్విచ్‌ని ఒక తెర వెనక పెట్టారా, ఏం జరిగిందో వాళ్ళకి తెలియనే తెలియదు.

రెండో మెట్టులో అదే వంతెనగా మారుతుంది. గొయ్యి మీద నీలం బ్లాకులు పరవండి. గొయ్యి లోతు 3 గడులే, అడుగున గట్టి నేల, పైకి రావడానికి మెట్లు. తప్పు చేస్తే పడతారు, చావరు, ఎక్కివచ్చి మళ్ళీ చూస్తారు. మూడో మెట్టులో అదే వంతెన కింద లావా. ఇప్పుడు చస్తే కారణం తెలుసు. నాలుగో మెట్టులో స్విచ్‌ని కొట్టేది మీరు కాదు, ఒక డిప్ప. స్విచ్‌కీ ఒక గట్టి బ్లాకుకీ మధ్య డిప్ప అటూ ఇటూ కొట్టుకుంటుంటే, తగిలిన ప్రతిసారీ వంతెన రంగులు మారతాయి. ఆడేవాళ్ళు ఆ తాళానికి అడుగులు వెయ్యాలి. జపాన్‌లో దీన్ని కి-షో-తెన్-కెత్సు అంటారు: పరిచయం, పెంపు, మలుపు, ముగింపు. సూపర్ మారియో 3డీ ల్యాండ్ దర్శకుడు కొయిచి హయాషిదా తమ లెవెళ్ళ నిర్మాణాన్ని ఈ పద్ధతితోనే వివరించారు.

ఆ నాలుగో మెట్టు దగ్గర తరచూ చెడిపోయేది ఒకటుంది. స్విచ్‌నీ డిప్పనూ ఒక చోట పెట్టి, వంతెనని తెర పొడుగూ సాగదీస్తారు. ఆడేవాళ్ళు వంతెన చివరికి చేరేసరికి డిప్ప తెర బయట ఉండిపోతుంది. తెర అంచుకి కొన్ని గడుల అవతలకి పోయిన శత్రువుల్నీ వస్తువుల్నీ ఆట మరిచిపోతుంది. డిప్ప ఆగింది, రంగులు మారడం ఆగింది, మనిషి మధ్యలో ఇరుక్కున్నాడు. కట్టేటప్పుడు ఇది కనబడదు, ఎందుకంటే మనం డిప్ప పక్కనే నిలబడి చూస్తుంటాం. మందు తేలిక. డిప్ప గూటిని వంతెన మధ్యలో, పైన కట్టండి, వంతెన 12 గడులు దాటనివ్వకండి. అంతకన్నా పొడవు కావాలంటే పట్టాలు వాడండి. పట్టాల మీద ఎక్కించినవి తెర బయట కూడా కదులుతూనే ఉంటాయి.

రెండో ప్రమాదం ఇరుకుడు. ఇంగ్లీషు ఆటగాళ్ళు సాఫ్ట్‌లాక్ అంటారు. చావరు, ముందుకీ పోలేరు. ఎర్ర గోడ దాటాక ఏదో డిప్ప పొరపాటున స్విచ్‌ని మళ్ళీ తగిలితే వెనక దారి మూసుకుపోతుంది. అందుకే గోడకి అవతల కూడా ఒక స్విచ్ పెట్టాలి. పీ స్విచ్ (నాణేల్ని ఇటుకలుగా, ఇటుకల్ని నాణేలుగా మార్చే మీట) అయితే ఇంకా జాగ్రత్త. దాన్ని తొక్కితే కొద్దిసేపే పని చేస్తుంది, తర్వాత పోతుంది. నేల మీద ఒక్కటే పెట్టి, ఆలోపు దాటలేకపోతే ఇక అంతే. పీ స్విచ్‌ని పైపులో పెడితే వాడినకొద్దీ ఇంకోటి బయటికి వస్తుంది. ఇదే ఉపాయం పుట్టగొడుక్కీ, నిప్పు పువ్వుకీ, ఎగిరే స్ప్రింగుకీ. "ఈ వస్తువు పోతే?" అని ప్రతి గదిలోనూ అడుక్కోవాలి. పోతే మళ్ళీ దొరకాలి, లేదా చావడానికి ఒక గొయ్యయినా ఉండాలి. వినడానికి కఠినంగా ఉంటుంది గానీ, ఇరుక్కుని కూర్చోవడం కన్నా చచ్చి మళ్ళీ మొదలుపెట్టడమే ఆడేవాళ్ళకి దయ.

పుట్టగొడుగు అంటే గుర్తొచ్చింది. పెద్ద మారియోకి దెబ్బ తగిలితే చిన్నవాడవుతాడు, కొన్ని క్షణాలు ఇంకేదీ తగలదు. ఆ క్షణాల్లో ముళ్ళ మీద నుంచి దర్జాగా నడిచిపోవచ్చు. మీరు గంటసేపు కష్టపడి పేర్చిన ముళ్ళ వరుసని ఒక్క పుట్టగొడుగుతో దాటేస్తారు. దాన్ని ఆపాలంటే ముళ్ళకి బదులు గొయ్యి, లేదా లావా. వాటి ముందు పెద్దా చిన్నా లేదు.

కనబడని బ్లాకు గురించి గట్టిగానే చెబుతాను. దూకే దారిలో సరిగ్గా తలకి తగిలేలా మాయబ్లాకు పెట్టి గోతిలో పడెయ్యడం కట్టేవాళ్ళకి తమాషాగా అనిపిస్తుంది. పడ్డవాళ్ళకి అందులో నేర్చుకోవడానికేం లేదు. కైజో (కావాలనే విపరీతంగా కష్టంగా కట్టిన) లెవెళ్ళలో, ట్రోల్ (ఆడేవాళ్ళని ఆటపట్టించే) లెవెళ్ళలో ఇదొక కళ, ఒప్పుకుంటాను. అక్కడ ఆడేవాళ్ళు తెలిసే వస్తారు, మంచి ట్రోల్ లెవెల్ ప్రతి మోసానికీ ముందొక సూచన దాస్తుంది. మామూలు లెవెల్‌లో దానికి చోటు లేదు. మూడు తలుపులు పెట్టి "ఏదో ఒకటి ఎంచుకో, రెండింట్లో చావు" అనే లెవెళ్ళూ అంతే. అలాంటి గదులు వరసగా మూడుంటే మొదటిసారికే సరైన దారి దొరికే అవకాశం 27లో ఒకటి. అది నైపుణ్యానికి పరీక్ష కాదు, లాటరీ.

గుడ్డి దూకుడు కూడా అలాంటిదే. తెరలో దిగే చోటు కనబడనప్పుడు దూకమని అడగకండి. తప్పదంటే నాణేలు పరవండి. నాణేల వరుస ఎటు వంగితే అటు దూకుతారు. ఇక్కడ ఎడిటర్ ఒక సాయం చేస్తుంది. ఆడి చూసి మళ్ళీ ఎడిటర్‌లోకి వస్తే, మారియో పోయిన దారి నీడ బొమ్మల వరుసగా గాలిలో నిలిచి ఉంటుంది. ఆ నీడల మీదే నాణేలు పెట్టండి, కొలత తప్పదు. ఇంకోటి, ఎడిటర్‌లో ఏ తెర దగ్గర ఉంటే అక్కడి నుంచే ఆడి చూడొచ్చు. సౌకర్యమే గానీ మోసం కూడా. మధ్యలో మొదలుపెడితే మీ దగ్గర పుట్టగొడుగు లేదు, డిప్పలు ఇంకా కదల్లేదు, గడియారం అప్పుడే మొదలైంది. ప్రతి మార్పుకీ కాకపోయినా, ప్రతి పది మార్పులకీ ఒకసారి మొదటి నుంచి ఆడండి.

శత్రువులు ఒక భాగంలో 100 దాకా పెట్టొచ్చు. పెట్టొచ్చు కదా అని పెట్టకండి. గుంపులో ఏది కొట్టిందో తెలియదు, తెలియని చావు నేర్పదు. ఇక నెగ్గే షరతులు, అంటే "అన్ని నాణేలూ ఏరాలి", "నేల విడిచాక మళ్ళీ కాలు మోపకూడదు" లాంటివి పెడితే చెక్‌పాయింట్ జెండాలు పెట్టడానికి వీల్లేదు. అందుకే షరతు లెవెళ్ళు పొట్టిగా కట్టండి. సమయం 500 సెకన్ల దాకా ఇవ్వొచ్చు, ఆలోచించే లెవెల్‌కి పూర్తిగా ఇవ్వండి. ఆలోచిస్తుంటే గడియారం చంపడం చాలా అన్యాయం.

అప్‌లోడ్ చేశాక అందులో ఒక్క గడి కూడా దిద్దలేరు. దిద్దాలంటే తీసేసి కొత్తగా పెట్టాలి, కొత్త తొమ్మిది అక్షరాల కోడ్ వస్తుంది, వచ్చిన లైకులూ ఆడినవాళ్ళ లెక్కా పోతాయి. ఒక్కొక్కరికి 100 లెవెళ్ళ దాకా చోటుంది. లెవెల్ ఏ రకమో చెప్పే ట్యాగులు రెండే పెట్టొచ్చు, నిజాయితీగా పెట్టండి. పజిల్‌కి స్పీడ్‌రన్ అని పెడితే పరుగు కోసం వచ్చినవాళ్ళు రెండో గోడ దగ్గరే వెళ్ళిపోతారు.

ఆడటం సంగతి. ఇతరులు కట్టిన లెవెళ్ళు ఒకదాని తర్వాత ఒకటి వచ్చే ఎండ్‌లెస్ ఛాలెంజ్‌లో నాలుగు స్థాయిలు: ఈజీ, నార్మల్, ఎక్స్‌పర్ట్, సూపర్ ఎక్స్‌పర్ట్. నచ్చని లెవెల్‌ని వదిలేసి ముందుకి పోవచ్చు, ప్రాణం పోదు. మొహమాటపడకండి. లెవెల్ పక్కన కనిపించే నెగ్గిన శాతాన్ని చూసి భయపడొద్దు, మురిసిపోనూ వద్దు. అది నెగ్గిన సార్లని ప్రయత్నించిన సార్లతో భాగించిన లెక్క. కష్టమైనా న్యాయమైన లెవెల్‌కీ, తలుపుల లాటరీకీ ఒకే శాతం రావచ్చు. లైకులు కూడా కలిపి చూడండి. ఆడిన వందమందిలో నెగ్గింది ఇద్దరే అయినా లైకులు బాగా ఉన్నాయంటే ఓడినవాళ్ళకి కూడా నచ్చిందన్నమాట. అలాంటిదాన్ని వదలకండి. నచ్చిన లెవెల్ దొరికితే అది కట్టినవాళ్ళ పేరు మీద నొక్కి మిగతావి ఆడండి. పాపులర్ జాబితా కన్నా నమ్మకమైన దారి ఇదే. 2020 ఏప్రిల్‌లో వచ్చిన 3.0 అనే కొత్త వెర్షన్ తర్వాత కొందరు 8 ప్రపంచాలూ, 40 లెవెళ్ళ దాకా కలిపి పూర్తి ఆటలాగే కట్టారు. సూపర్ వరల్డ్స్ అంటారు. తీరిక ఉన్న ఆదివారానికి అంతకన్నా మంచి భోజనం లేదు.

వీ యూ సంగతి ఒక్క మాట చెప్పి ప్రశ్నలకి వస్తాను. ఆ కన్సోల్ మీద కొత్త లెవెళ్ళు పెట్టడం 2021 మార్చి 31తో ఆగింది, ఆన్‌లైన్ సేవలు 2024 ఏప్రిల్ 8న ముగిశాయి. ఎవరూ నెగ్గని ప్రతి లెవెల్‌నీ ఆలోపు నెగ్గాలని టీమ్ జీరో పర్సెంట్ అనే ఆటగాళ్ళ బృందం ఏళ్ళ తరబడి ఆడింది. చివరికి ట్రిమ్మింగ్ ద హెర్బ్స్ అనే చిన్న లెవెల్ ఒక్కటి మిగిలింది. సెకన్లలో అయిపోయే లెవెల్, వేల ప్రయత్నాలకీ లొంగలేదు. సర్వర్లు మూసే ముందు మార్చిలో దాన్ని కట్టినవారే చెప్పారు, తాము చేత్తో నెగ్గలేదనీ, యంత్ర సహాయంతో నెగ్గి పెట్టామనీ. మొదట్లో చెప్పిన నియమానికి పడ్డ కన్నం అది. అయినా మూసివేతకి కొద్ది రోజుల ముందు ఒక ఆటగాడు దాన్ని చేత్తోనే నెగ్గాడు. కట్టినవారు చెయ్యలేనిది ఆడినవాళ్ళు చేశారు.

ఇక అడగండి.

ప్రశ్న: ఆన్‌లైన్ సభ్యత్వం లేకుండా ఈ ఆట కొనడం దండగేనా?

కాదు. లెవెళ్ళు అప్‌లోడ్ చెయ్యడానికీ, ఇతరులవి ఆడటానికీ మాత్రం స్విచ్ ఆన్‌లైన్ సభ్యత్వం ఉండాలి. అది లేకపోయినా పీచ్ యువరాణి కోటను మళ్ళీ కట్టే స్టోరీ మోడ్‌లో నూటికి పైగా లెవెళ్ళున్నాయి, నింటెండో వాళ్ళు కట్టినవి. అవి ఆడుతూ ఎలా కట్టారో గమనించడమే ఒక చదువు. యమమూరా అనే పావురం, నీనా కలిసి చెప్పే 45 పాఠాలున్నాయి. మనదేశంలో నింటెండోకి అధికారిక అమ్మకాలు లేవు, దిగుమతి షాపుల్లోనే దొరుకుతుంది. స్విచ్‌కి ప్రాంతీయ తాళం లేదు కాబట్టి అమెరికాది, జపాన్‌ది ఏ కార్ట్రిడ్జి కొన్నా ఆడుతుంది. సభ్యత్వం ఎప్పుడైనా తీసుకుంటే నచ్చినవి కోర్స్‌బాట్‌లోకి (ఆటలో లెవెళ్ళు దాచుకునే చోటు) దించుకోండి, ఆ తర్వాత నెట్ లేకుండా ఆడుకోవచ్చు.

ప్రశ్న: ఎనిమిదేళ్ళ పిల్లలు కట్టగలరా?

కట్టగలరు. స్విచ్‌ని డాక్‌లోంచి (టీవీకి కలిపే పీఠం) తీసి చేత్తో పట్టుకుంటే తెర మీద వేలితోనే కట్టొచ్చు, కంట్రోలర్ కన్నా పిల్లలకి అది తేలిక. ఇద్దరు కలిసి కట్టే వీలు కూడా ఉంది, అప్పుడు చెరో జాయ్-కాన్ (స్విచ్‌తో వచ్చే చిన్న కంట్రోలర్). స్టోరీ మోడ్‌లో ఎక్కడైనా ఆగిపోతే లూయిజీ సాయం అడగండి, లెవెల్ మధ్యలోనే బ్లాకులు పెట్టుకోనిస్తాడు. మొదటి లెవెల్ మూడు తెరలకి మించనివ్వకండి, 72 గడులు. పూర్తయ్యాక కంట్రోలర్‌ని ఇంట్లో వేరే ఎవరికైనా ఇమ్మనండి, పక్కన కూర్చుని ఒక్క మాట కూడా చెప్పొద్దనండి. ఎక్కడ చస్తున్నారో, ఎక్కడ ఆగి పైకి చూస్తున్నారో, ఎక్కడ వెనక్కి తిరుగుతున్నారో కాగితం మీద గీసుకోమనండి. దిద్దాల్సిన గడులు అవే. దిద్దాక మళ్ళీ ఇంకొకరికి ఇవ్వాలి, ఒకసారి ఆడినవాళ్ళకి కాదు. వాళ్ళకి ఇప్పటికే దారి తెలిసిపోయింది.